రాహుకాలం వెళ్లేదాకా ఆగిన బల్బు

నా డిగ్రీ చదువు మా దీవిలోని డిగ్నాబాద్ పేటలో మా వీధి మొత్తం ముందు టప్పున పేలిన కథ ఇది. నవ్వుకోండి, అడ్డు చెప్పను. సరస్వతి పక్షాన చేరి మాత్రం నవ్వకండి.

సునామీ తర్వాత చాన్నాళ్లు మా వీధికి కరెంటు చుట్టపుచూపుగా వచ్చేది. మొదట్లో సాయంత్రమైతే ఆడవాళ్లంతా మా వరండాలోనే. ఎదురింటి సరస్వతి, ఎనిమిదో తరగతితో చదువాపేసిన సరస్వతి, వాళ్ల డింగీ పడవ బ్యాటరీకి ఏదో డబ్బా తగిలించి, ఓడల్లో వాడే ఇరవై నాలుగు వోల్టుల బల్బు వెలిగించింది. అంతే, ఉసుళ్లలా అందరూ అటే. మా ఆయన కూడా వెలుతురు బాగుందన్నాడు. నా కడుపులో డీజిలు పోసి అంటించినట్టయింది.

నేను బీఎస్సీ ఫిజిక్స్. పన్నెండు వోల్టుల్ని ఇరవై నాలుగు చేసే ఆ డబ్బాని బూస్ట్ కన్వర్టర్ అంటారని వీధిలో తెలిసింది నాకొక్కదానికే. పాత టీవీ విప్పి, వారంలో నాదీ ఒకటి చేశాను. వోల్టేజీ ఎక్కువైతే తనంతట తాను తగ్గించుకునే ఏర్పాటు పెట్టలేదు. బల్బు తగిలించి కొలిస్తే సరిగ్గా ఇరవై నాలుగు. ఇంకేం కావాలి?

ఆదివారం ప్రారంభోత్సవానికి అందర్నీ పిలిచాను. మా దీవుల్లో ఐదున్నరకే చీకటి, క్యాలెండర్లో రాహుకాలం ఆరుదాకా. ఆరు దాటాక వీధికి పెద్దదైన నూకాలమ్మ పిన్ని చేత బల్బు తీగ కలిపించాలి. అందాకా డబ్బాని బ్యాటరీకి కలిపి, ఆన్ చేసి సిద్ధంగా ఉంచుదామనుకున్నా.

సరస్వతి అడ్డుపడింది. “దీదీ, ఖాళీగా ఆన్ చెయ్యకు. బల్బు తగిలించాకే వెయ్యాలని మా తమ్ముడు చెప్పాడు.”

“ఫిజిక్స్ నువ్వు చదివావా, నేనా? మూట దింపిన కూలీకి అలుపేంటి?” అని స్విచ్ వేశాను.

డబ్బా కూలీ కాదండీ. అది తోడిపోస్తూనే ఉంటుంది. తాగే బల్బు లేకపోతే కెపాసిటర్‌లో వోల్టేజీ ఎక్కుతూనే ఉంటుంది. నా ఉపన్యాసం రెండో వాక్యంలో ఉండగానే కెపాసిటర్ పేలి, దాని లోపలి కాగితం ముక్కలు అందరి నెత్తినా అక్షింతల్లా రాలాయి.

నూకాలమ్మ పిన్ని తాపీగా జుట్టు దులుపుకుంది. “అయిపోనాదేటమ్మా? మరి సరస్వతోలింటికి ఎల్లొచ్చా?”

అందరూ లేచారు. నేను వేయించిన బజ్జీల పళ్లెం పట్టుకుని మా ఆయన కూడా. చీకట్లో కాసేపు ఒక్కదాన్నే బిగుసుకు కూర్చుని, చివరికి నేనూ వెళ్లాను. సరస్వతి తన బల్బు కింద నాకు చోటిచ్చి పళ్లెం జరిపింది. “తిను దీదీ, మొహమాటపడకు. బజ్జీలు భలే ఉన్నాయి.”

నోట్లో బజ్జీతోనే ప్రమాణం చేశాను: ఈ జన్మలో బల్బులాంటి లోడు లేకుండా బూస్ట్ కన్వర్టర్ ఆన్ చేయను. సరస్వతిని చూసి కుళ్లుకోనని మాత్రం అనలేదు. దొంగ ఒట్లు వేసే మనిషిని కాను నేను.