పొగ మా మడిదే

మా ఊరు సిద్దిపేట పక్కనున్న చంద్లాపూర్‌కు దగ్గరే. ఊళ్లోని బడిలోనే నేను సైన్స్ చెబుతాను. మూడేళ్ల కింద, వానాకాలం వరి కోతలయ్యాక, మా బాపు మడిలో మిగిలిన కొయ్యకాళ్లను కాల్చడానికి సిద్ధమయ్యాడు. తెల్లవారుజామున కాల్చొద్దని చెప్పాను.

"గాలి లేనప్పుడే అంటుపెట్టాలె బిడ్డా. గాలి లేస్తే పక్కోని గడ్డివాము అంటుకుంటది" అన్నాడు.

ఆయన భయం నిజమే. కానీ గాలి కదలని చలి పొద్దుల్లో నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైది వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి పొర మూతలా అడ్డం పడి పొగను లేవనివ్వదు. ఈ సంగతే చెప్పాను. బాపు నవ్వాడు.

"పొగ మీదికి పోక ఎటు పోతది?" అని అగ్గిపెట్టె జేబులో వేసుకుని వెళ్లాడు.

ప్రార్థన వేళకు పొగ బడి ఆవరణలోకి వచ్చి అక్కడే నిలిచిపోయింది. పిల్లలు దగ్గసాగారు. ఉబ్బసం ఉన్న ఐదో తరగతి అమ్మాయికి ఊపిరి ఆడలేదు. ఆటోలో సిద్దిపేట దవాఖానకు తీసుకెళ్లాం. పత్తి ఏరే కూలికి పోయిన వాళ్లమ్మ చేనులోంచి పరుగున వచ్చి మాతో ఎక్కింది. మధ్యాహ్నానికి పిల్ల తేరుకుంది.

విషయం తెలిసి బాపు దవాఖానకు వచ్చాడు. ఆ పొద్దున మరో ఇద్దరి పొలాలు కూడా కాలాయి. పొగ ఎవరిదని ఎవరూ అడగలేదు. అయినా ఆయన నేరుగా ఆ తల్లి ముందుకు వెళ్లాడు.

"పొగ మా మడిదే అమ్మా. నా బిడ్డ వద్దన్నది. నేనే ఇనలే."

"ఇంకోసారి అగ్గి పెట్టకు పటేలా" అంది ఆమె.

"పెట్ట."

ఊళ్లో పదిమందికి మాట చెప్పే మనిషి, వార్డులో అందరూ చూస్తుండగా ఆ ఒక్క మాట అని నిలబడ్డాడు. ఆయన బిడ్డనైనందుకు నాకు అంత గర్వం ఎన్నడూ కలగలేదు.

మరుసటి ఏడు ట్రాక్టరు కిరాయికి తెచ్చి కొయ్యకాళ్లను మట్టిలో కలియదున్నించాడు. తర్వాతి పంట నాట్లు వారం వెనకబడ్డాయి. చాయ్ హోటల్ దగ్గర ఎవరో నవ్వితే, నా పాఠాన్నే తన మాటల్లో చెప్పాడట.

"చలికాలం పొద్దుగాల మీద మూతేసినట్టే ఉంటది. పొగ ఎటూ పోదు, పోరగాండ్ల ముక్కులల్లకే పోతది."

నిరుడు మా పక్క రైతుల్లో ఒకాయన తప్ప ఎవరూ కాల్చలేదు. ఈ ఏటి కోతలు కాగానే, నిన్న బాపు ఆయన ఇంటికి వెళ్లి వచ్చాడు. కాల్చకుండా ఉండేందుకు ఆయన ఒప్పుకోలేదట. రేపు మళ్లీ పోతానంటున్నాడు.