మేనత్తకు కోపం వచ్చిన రోజు

నేను తిరువూరులో ఏడో తరగతి చదువుకునే రోజుల్లో, అంటే డెబ్బైల మొదట్లో, మా మేనత్తకు చూపు పోయింది. ఆవిడ హైస్కూల్లో తెలుగు టీచరు. కళ్ళలో నీటికాసులని, పోయిన చూపు ఇక రాదని డాక్టరు చెప్పాడు. ఉద్యోగం మానేసి మా ఇంట్లోనే ఉండిపోయింది.

చూపుతోపాటు ఆవిడలో ఇంకేదో కూడా పోయింది. మెతుకులు కింద పడతాయన్న సిగ్గుతో మాతో కలిసి తినడం మానేసింది. ఆదివారం చర్చికి రమ్మంటే, “అందరూ నా చెయ్యి పట్టుకుని ఏడుస్తారు, నేను రాను” అనేది. ఒకసారి నా గొంతు విని మా చెల్లి అనుకుని పిలిచింది. పొరపాటు తెలిశాక తలుపేసుకుని చాలాసేపు ఏడ్చింది. దాంతో ఆవిడ ఏమన్నా మేమంతా సరేననడం మొదలుపెట్టాం. ఆవిడ ముందు కళ్ళ మాటే ఎత్తేవాళ్ళం కాదు. అదే ప్రేమ అనుకున్నాం.

ఎదురింట్లో లెక్కల టీచరుగారు ఉండేవారు. మేనత్తకు మంచి స్నేహితురాలు. బడికి వెళ్తూ ఇద్దరూ దారి పొడుగునా వాదించుకునేవారు. ఒక సాయంత్రం ఆవిడ మా వరండాలో కూర్చుని, నా తెలుగు నోట్సు అందుకుని, లోపలికి వినపడేలా అన్నారు.

“‘మేనత్త’ అన్న మాట. సవర్ణదీర్ఘ సంధి. రాసుకో.”

గదిలోంచి మేనత్త గొంతు ఖంగుమంది. “ఎవరు చెప్పారే నీకు? సవర్ణదీర్ఘమైతే ‘మేనాత్త’ అవ్వాలి! అది అత్వసంధి.”

“నాకు తెలుసులే.”

“నీ మొహం తెలుసు! లెక్కలు చెప్పుకో పో.”

మేనత్త గోడ తడుముకుంటూ వచ్చేసింది. గడప తగిలి తూలింది. నేను లేవబోతే టీచరుగారు చెయ్యి పట్టి ఆపారు. వాదన ముదిరింది. చివరికి టీచరుగారు, “కళ్ళు పోయినా నీ మొండితనం మాత్రం పోలేదే!” అనేశారు.

కాఫీ తెస్తున్న అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. మేనత్త పకపకా నవ్వింది.

“ఏడు నెలలైందే నన్నెవరైనా తిట్టి! నేనేమన్నా అందరూ ఊఁ కొడుతుంటే, అసలు ఉన్నానో లేదో నాకే తెలియడం లేదు” అంది.

ఆ రోజుతో అంతా సర్దుకోలేదు. మళ్ళీ తలుపేసుకున్న రోజులూ ఉన్నాయి. అప్పుడల్లా టీచరుగారు వచ్చి ఏదో ఒక పేచీ పెట్టేవారు. కొన్నాళ్ళకు ఆవిడ మోచెయ్యి పట్టుకుని మేనత్త చర్చికి బయల్దేరింది, దారంతా వాదిస్తూనే. ఆ ఏడు మా వీధి పిల్లలందరికీ వ్యాకరణం చెప్పింది మేనత్తే.

మొన్న పక్షవాతంతో మంచాన పడ్డ నా స్నేహితురాలిని చూడటానికి వెళ్ళాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిడ ప్రతి మాటకూ తలూపుతున్నారు. కోడలి మీద ఆవిడ ఏదో చెప్పబోతే, “తప్పు నీదే” అన్నాను. ఆవిడ దిండుకు ఆనుకుని లేచి కూర్చుని, నాతో గంటసేపు పోట్లాడింది.