కోతపండుగ వేలంల గిటారు

ఇప్పుడు ఫోను మీద ఏలు పెడితే సాలు, లోకంల ఉన్న గిటార్లన్నీ మోగుతయ్. మేము పెండ్లికెదిగిన రోజులల్ల గట్ల కాదు. ఎనభైలల్ల మా పాల్వంచ కాలనీల ఒక్క ఇంగ్లీషు కేసెట్ ఇనాలంటే ముందుగాల టేపురికార్డరు సెల్లులను గోడ మీద ఎండకు పెట్టాలె (ఎండకు పెడితే సచ్చిన సెల్లు ఇంకో పూట బతుకుతది, నమ్మనోళ్ళు కొత్తవి కొనుక్కోండ్రి, నాకేంది), కేసెట్‌కు పెన్సిలు గుచ్చి ఎనక్కి తిప్పాలె, ఆ తర్వాతనే పాట. హెవీ మెటల్ అంటరట దాన్ని. హైదరాబాదు నుంచి కాపీకి కాపీ తీసుకుంట వచ్చేసరికి పాడేటాయన గొంతు బావిల పడ్డట్టే ఇనబడేది. నేను ఐదో తరగతితోనే బడి మానేసి కుట్టుమిషను ముందల కూసున్నదాన్ని, ఆయన ఏమంటున్నడో నాకేం తెలుసు? నాకు తెలిసింది గిటారొక్కటే. పాట నడుమల అందరినీ పక్కకు నూకి అదొక్కటే ముందుకొస్తది సూడుండ్రి, కాగిన నూనెల ఎండుమిర్చి పడ్డట్టు సుర్రుమని లేసి, ఉరుక్కుంట ఉరుక్కుంట పైకెక్కి, ఆడ ఒక్క తీగెను పట్టుకొని సాగదీసి సాగదీసి కూత పెట్టిస్తది! అబ్బ, ఇది రాస్తుంటే కూడ నా చెయ్యి నిలుస్తలేదు. మిషను మీదున్న నా కాలు దానెంబడే ఉరికేది. ఆ రోజులల్ల నేను కుట్టిన లంగాలన్నిటికీ కుట్లు వంకర.

ఈ పిచ్చి ఇంట్లకు తెచ్చినోడు మా తమ్ముడు. జుట్టు మెడదాక పెంచి, అద్దం ముందల చీపురుకట్ట పట్టుకొని వాయించెటోడు. వాని కోరికల్లా ఒక్కటే: మా చర్చి కోతపండుగ నాడు, వేలం అయిపోయినంక, అందరి ముందల నిజం గిటారు వాయించాలె. సొంత గిటారెక్కడిది? వాయించుడు నేర్సింది గూడ అవుతలి వీధిల క్యాథలిక్ చర్చి గిటారు మీదనే. ఆ చర్చి ఫాదర్‌నే బతిమాలి, "పండుగ నాడు పొద్దుగూకే ప్రార్థనకు తెచ్చి మీ చేతుల పెడత ఫాదర్" అని మాటిచ్చి వాళ్ళ గిటారు తెచ్చిండు. మైకుసెట్టు కిరాయికిచ్చే చాచా దానికొక చిన్న మైకు కట్టిండు. చాచా మైకు మిషను సౌండు పెంచితే దాని గొంతు చీలుతది. పెండ్లిళ్ళల్ల అందరు తిట్టేటి ఆ చీలుడే మాకు కావాల్సింది! ముందురోజు చర్చి వాకిట్ల వాయించి సూస్తే అచ్చం కేసెట్ల ఉన్నట్టే గర్జించింది. నేను ఎగిరి చప్పట్లు కొట్టిన. చాచా తల పట్టుకున్నడు. "అరె బేటా, జర మెల్లగ! నా మిషను పానం తీస్తవా ఏంది?"

కోతపండుగంటే తెల్వనోళ్ళకు చెప్త. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి చర్చిల బల్ల ముందల పెడతరు. గుమ్మడికాయలు, మిర్చి బస్తాలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన అయినంక అన్నీ వేలం. బల్ల ముందల పెట్టిందంటే అది దేవునిది, ఎనక్కి తీస్కునుడు లేదు. మరి మా తమ్ముడేం జేసిండు? బయట ఎండకు పాడైతదని గిటారును తెచ్చి, సక్కగ గుమ్మడికాయలకూ కోళ్ళకూ నడుమ ఆనిచ్చి, చాచాను తోలుకరానీకి సైకిలెక్కి పోయిండు.

నేను ఒక పెట్టను అగ్గువకు గెలుచుకొని (నేను చెప్పే ధరకు ఆడోళ్ళంతా నవ్వుతరు గాని, కోడి నాకే వస్తది) సంబరంగ సంకల పెట్టుకున్ననో లేదో, సంఘపెద్ద గిటారును మెడ పట్టుకొని లేపిండు. "ఇగో, మంచి వస్తువు! ఎవరు పాడతరు?"

దిగ్గున లేసిన. "పెద్దయ్యా, అది కానుక కాదు! క్యాథలిక్ ఫాదర్ది!"

"ఏందీ? ఫాదర్ మన చర్చికి కానుక పంపిండా!" ఆయన కండ్లొత్తుకున్నడు. "చప్పట్లు కొట్టుండ్రి!" అందరు కొట్టిండ్రు.

"పంపలే పెద్దయ్యా, మా తమ్ముడు అడుక్కొచ్చిండు!"

"బల్ల ముందల పెట్టినంక ఎవరిదైనా ఒక్కటే బిడ్డా. కావాలంటే వేలం పాడు."

పాడిన. కుట్టుకూలి దాసుకున్నదంతా పాడిన. నేను గట్ల పాడుడు సూసి మా అమ్మ నా నుదురు ముట్టింది, జ్వరమేమోనని. అయినా ఏన్కూరు దిక్కు నుంచి పండుగకని ముందురోజే వచ్చిన మక్కచేను తాత నన్ను దాటేసి గిటారు గెలిచిండు.

"నీకు గిటారెందుకు తాతా?"

"నా మక్కల అడవిపందులు పడుతున్నయ్ బిడ్డా. డబ్బాలు కొట్టినా బెదురుతలేవు. నిన్న మీ తమ్ముడు మోగిస్తుంటే ఇన్న. గా సప్పుడుకు పులి గూడ నిలవదు."

అప్పుడే చాచాతోని వచ్చిన తమ్ముడు సంగతి ఇని కూలబడ్డడు. "ఫాదర్‌కు ఏం మొఖం సూపియ్యాలె అక్కా? మాటిచ్చిన గదనే!" వాని కండ్లల్ల నీళ్ళు సూసి తాత మనసు జర మెత్తబడ్డది. "ఒక్కసారి మోగించు బిడ్డా. సప్పుడు సాలకుంటే నాకెందుకు, మీరే తీస్కపోండ్రి. సాలితే నాది."

తమ్ముణ్ణి పక్కకు గుంజిన. "ఒరే, జోలపాట లెక్క వాయించు. పిల్లి గూడ బెదరొద్దు."

"మరి ఇన్నాళ్ళు నేర్సిందో?"

"ముందు గిటారు దక్కనియ్యిరా!"

వాకిట్ల అందరు గుండ్రంగ నిలబడ్డరు. వాడు తల వంచుకొని, సౌండు తగ్గించి, నీళ్ళు కలిపిన మజ్జిగ లెక్క వాయించిండు. తాత మొఖం మాడ్చుకున్నడు. "గింతేనా? దీనికి ఎలుక గూడ పారిపోదు," అని లేవబోయిండు. గెలిచినం! సరిగ్గ గప్పుడే వాని ఏళ్ళు ఆ జాగకొచ్చినయ్, తీగెను సాగదీసే జాగకు. తుమ్మును ఆపుకున్నట్టు ఆపుకున్నడు పాపం. వాడు ఆపుకున్నడు గాని నా వల్ల కాలే. "కొట్టురా! గట్టిగ కొట్టు!" అని నేనే కేక పెట్టి, ఉరికిపోయి చాచా మిషను సౌండు ఆఖరిదాక తిప్పేసిన.

ఇగ సూడుండ్రి! కోళ్ళు కట్లు తెంపుకొని లేసినయ్. చాచా "యా అల్లా" అని మిషనును కావలించుకున్నడు. తమ్ముడు మోకాళ్ళ మీద కూలబడి, జుట్టు మొఖం మీద పోసుకొని, తీగెను ఆకాశందాక సాగదీసిండు. నేను పెట్టను సంకల పెట్టుకొనే ఊగుతున్న. నాతోని అది గూడ ఊగుతున్నది.

పాట ఆగింది. "అక్కా, ఏం జేసినవే," అన్నడు తమ్ముడు. అప్పుడు తెలిసొచ్చింది నాకు, నా నోటితోనే గిటారు పోగొట్టిన్నని.

తాత లేసి తన కాలు దిక్కు సూసుకున్నడు. "నాకొద్దు."

"సప్పుడు సాల్లేదా తాతా?"

"సాలింది. గాని నా కాలు నా మాట ఇనకుండ ఆడింది బిడ్డా. ముసలోణ్ణి నేనే ఆడితే పందులు పారిపోతయా? భద్రాచలం అడవుల ఉన్నవన్నీ ఇననీకి నా చేనుకే వస్తయ్! తీస్కపోండ్రి. దేవునికిచ్చిన పైసలు ఎనక్కి అడగ. ఉత్త చేతులతోని పోతే మాత్రం మా ముసల్ది ఊకోదు," అని నా పెట్ట దిక్కు సూసిండు. ఇచ్చిన. మంచి గుడ్లు పెట్టే పెట్ట (అయినా ఆ దినం మనసు కలుక్కుమనలే, నా బతుకుల గసుంటి దినం మల్ల రాలే). పొద్దుగూకకముందే గిటారు ఫాదర్ చేతికి చేరింది.

ఇప్పుడు తమ్ముని నెత్తి మీద దువ్వెనకు పని లేదు. "మన కాలం గిటారు" అనుకుంట అప్పటి పాటలు రోజూ నా ఫోనుకు పంపుతడు. నేనేమో ఊకె ఫ్యాను తిరిగితే కరెంటు దండుగని ఇల్లంతా లేపే ముసల్దాన్ని. అయినా ఆ తీగె సాగే జాగ రాంగనే, కూర సగం ఉడికినా సరే, పొయ్యి ఆర్పి నిలబడత. "గ్యాసు పొదుపా అమ్మమ్మా?" అంటది మనవరాలు. "అవ్ బిడ్డా" అంట, గంటెను గట్టిగ పట్టుకొని. వదిలితే అది గిన్నె మీద తాళమేస్తది.