పన్నెండో ట్యూబు

తొంభైల చివర్లో నేను బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ జబ్బు మీద నా పరిశోధన. రక్తం నమూనాల కోసం అరకు కొండల్లో ఒక ఊరికి వెళ్లాను. పదకొండు మంది ఇచ్చారు. పన్నెండో మనిషి ఒక ముసలమ్మ. సూది చూడగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మునుపొచ్చినోలూ ఇలాగే నెత్తురట్టుకెల్లిపోనారు. అందులో ఏటుందో సెప్పడానికి ఒక్కడైనా తిరిగొచ్చాడేటి, గుంటా?"

వెనకున్న వరసంతా చెదిరిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. నేనూ తిరిగి వెళ్లాలనుకోలేదు మరి! ట్యూబుల మీద అంకెలే తప్ప పేర్లు లేవు. అక్కడే కూర్చుని పదకొండు మంది పేర్లూ అడిగి, అంకెల పక్కన రాసుకున్నాను.

"థీసిస్‌కి అంకెలు చాలమ్మా" అన్నారు మా గైడు. నేను వినలేదు. నెల తిరక్కుండా ఫలితాలు పట్టుకుని ఆ కొండెక్కి, ఇంటింటికీ వెళ్లి చెప్పాను. జబ్బున్నట్టు తేలిన ఒక పాపను దగ్గరుండి ఆసుపత్రిలో చూపించే ఏర్పాటు చేశాను.

వెనక్కి బయల్దేరుతుంటే ముసలమ్మ ఎదురొచ్చి చెయ్యి చాపింది.

"బేగి తియ్యి. నాదీ సెప్పడానికి రావాల."

ఆ రోజు నా సంచిలో సూది లేదు. మర్నాడే తీసుకుని మళ్లీ కొండెక్కాను. థీసిస్‌లో ఆవిడ పన్నెండో నంబరు. నాకు మాత్రం ఆవిడ పేరు ఇప్పటికీ గుర్తే.