నాడి చూసే గడియారం

ముందే చెబుతున్నా, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నిజామాబాద్‌లో మోటార్ వైండింగ్ షాపు నాది. కాలిపోయిన బోరు మోటారు వస్తే, విప్పకముందే వాసన చూసి దానికేమైందో చెబుతాను. యంత్రాల్లో ఆత్మలుండవు, అరిగిపోయిన పార్టులుంటాయి. ఇప్పటికీ ఇదే మాట మీదున్నాను, ఒక్క గడియారం విషయంలో తప్ప.

కీ ఇచ్చే పాత చేతి గడియారాలు నా పిచ్చి. అందులోనూ క్రోనోగ్రాఫులు. వాటిలో మామూలు ముళ్లతో పాటు, బటన్ నొక్కితే పరుగెత్తి, మళ్లీ నొక్కితే ఆగే ముల్లు ఇంకొకటి ఉంటుంది. నా దగ్గర పదకొండున్నాయి. అన్నీ నేనే బాగుచేశాను, అన్నీ నడుస్తాయి. "గిన్ని గడియారాలున్నయి, ఒక్కనాడన్న అన్నం యాళ్లకు ఇంటికొచ్చిన్రా?" అంటుంది మా ఆవిడ సుజాత.

పన్నెండోది బోధన్‌లో దొరికింది. చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల దగ్గర ఒక కాంపౌండర్ ఉండేవారు. పోయి చాలా ఏళ్లయింది. ఆయన గడియారం ఆగిపోయి కూతురు లక్ష్మక్క దగ్గర ఉంది. దాని డయల్ అంచున నాడి లెక్క ఉంది. బటన్ నొక్కి, నాడి ముప్పైసార్లు కొట్టుకున్నాక మళ్లీ నొక్కితే, నిమిషానికి ఎన్నిసార్లో ముల్లు చూపిస్తుంది.

"మా బాపు ఎవలొచ్చినా ముందుగాల చెయ్యి పట్టి సూసేది. చాయ ఆ తర్వాతనే," అంది లక్ష్మక్క. అమ్మనంది. బాగుచేస్తానంటే మాత్రం, "అల్మారిల పెట్టకు తమ్మీ, చేతికి పెట్టుకో," అని ఇచ్చేసింది.

లోపల వెంట్రుకంత స్ప్రింగు విరిగి ఉంది. అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. ఉక్కు ముక్క అరగదీసి నేనే చేశాను. మూడు వారాలు పట్టింది. గొప్ప అనుకుంటే అనుకోండి, ఈ జిల్లాలో అది ఇంకొకరి వల్ల అయ్యే పని కాదు.

మొదటి రోజు మధ్యాహ్నం అన్నానికి చేతులు కడుక్కుందామని గడియారం తీశాను. సున్నా మీద ఉండాల్సిన ముల్లు నలభై మీద ఆగి ఉంది. ఎక్కడో తగిలి బటన్ నొక్కుకుందేమో అనుకుని సున్నాకు తెచ్చాను. మర్నాడూ నలభయ్యే. వారం తిరిగేసరికి ముప్పై ఎనిమిది.

నాకు మండింది. నా చేతి పనిలో లోపమా? రెండుసార్లు విప్పి చూశాను, ఏమీ లేదు. రెండు రోజులు బల్ల మీద ఉంచితే ముల్లు కదల్లేదు. చివరికి పొద్దున్నే సుజాత చేతికి పెట్టి, బటన్ ముట్టుకోవద్దన్నాను. మధ్యాహ్నం తీస్తే డెబ్బై ఆరు.

ఆమె ఫోన్‌లో టైము చూస్తూ తన నాడి లెక్కపెట్టుకుంది. సరిగ్గా డెబ్బై ఆరు. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ముప్పై ఎనిమిదే ఉంది. దవాఖానకు నడువుండ్రి," అంది.

అప్పటికి నెల రోజులుగా మెట్లెక్కితే నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఎండకనుకున్నాను. నిజం చెబితే నవ్వుతారు, నేను ఆసుపత్రికి ప్రాణభయంతో పోలేదు. నా రిపేరు తప్పు కాకపోతే తప్పు నా గుండెలో ఉండాలి కదా, ఏదో ఒకటి తేలాలని పోయాను.

మిషన్ మీద ముప్పై ఎనిమిది వచ్చింది. "గీ గుండెతోని మోటార్లెట్ల మోస్తున్నరు?" అన్నాడు డాక్టరు. నిమిషానికి అరవైకి తగ్గకుండా పేస్‌మేకర్ పెట్టారు.

లక్ష్మక్కకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "మా బాపు గంతే తమ్మీ. అడగకున్నా సూస్తడు," అంది గర్వంగా.

ఇంటికొచ్చిన మర్నాడు గడియారం పెట్టుకున్నాను. మధ్యాహ్నం తీసి చూస్తే ముల్లు అరవై మీద ఉంది. సున్నాకు తెచ్చాను. ఆ తర్వాత రోజూ పెట్టుకుంటున్నా, అది ఒక్కసారి కూడా తనంతట తాను కదల్లేదు.

ఆ బటన్ ఎవరు నొక్కారో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కడం లేదు. రిపేరులో మాత్రం వెంట్రుకంత తప్పు లేదు.