కూతురి పళ్ళెంలో మాంసం

బజారులో అతన్ని అందరూ ఖీమా బాబాయి అంటారు. ఖీమా అంత సన్నగా కొట్టేవాడు ఆ చుట్టుపక్కల మరొకడు లేడు. ముప్పై ఏళ్ళుగా ఒకే దుకాణం, ఒకే మొద్దు. కొట్టీ కొట్టీ ఆ మొద్దు మధ్యలో గిన్నెలా గుంట పడింది. మాంసం తిననివాళ్ళు అతని దుకాణం ముందు ముక్కు మూసుకుని పోతారు. తినేవాళ్ళు ముక్కు మూసుకుని నిలబడి బేరమాడతారు. లోకంలోని మర్యాదస్తుల మధ్య అంతకుమించి తేడా అతనికి ఎన్నడూ కనబడలేదు.

అతనికి మాత్రం తిండి అంటే మాంసమే. ఆకులూ కాయలూ మేకలు తింటాయి, మేకల్ని మనం తింటాం, మళ్ళీ విడిగా కూరగాయలు తినడం దండగ అని వాదించేవాడు.

అలాంటివాడి ఒక్కగానొక్క కూతురు మూడేళ్ళ కిందట ఒకరోజు పళ్ళెం పక్కకి నెట్టి, తనకిక మాంసం వద్దంది. ఎందుకో చెప్పలేదు. పిల్ల చిక్కిపోతోందని అతను లోలోపల కుమిలిపోయాడు. కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి ఆమె పప్పులో ఎముకల రసం కలిపాడు. ముద్ద కలుపుతూ ఆమెకి అనుమానం వచ్చింది. ఇందులో ఏమైనా వేశావా నాన్నా అని అడిగింది. ఏమీ లేదు, తినమన్నాడు. సగం తిన్నాక పంటికింద ఎముక పెంకు తగిలింది.

ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం దగ్గర గది అద్దెకు తీసుకుని వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఇంటికి వస్తుంది, తల్లి మోకాళ్ళకి మందు రాస్తుంది, మంచినీళ్ళు తాగి పోతుంది. తండ్రి ఇంట్లో మెతుకు ముట్టదు.

అలాంటిది, ఈసారి తన పుట్టినరోజుకి ఆమే భోజనానికి పిలిచింది. మెక్సికో వంటల హోటలట. అన్నీ శాకాహారమేనట. ఈ ఒక్క పూట సవ్యంగా గడిస్తే పిల్ల మళ్ళీ ఇంట్లో అన్నానికి కూర్చుంటుందని తల్లి ఆశ. తను కదలలేదు కాబట్టి లారీ నడిపే తమ్ముణ్ణి తోడిచ్చి మొగుణ్ణి పంపింది. గుమ్మం దాటుతుంటే ఒకే మాట చెప్పింది.

"అక్కడ నోరు తెరిస్తే తినడానికే తెరువు."

హోటల్ గోడలకి పసుపు రంగు, కిటికీల్లో ముళ్ళ మొక్కలు. బావమరిది వంటల జాబితా అటూ ఇటూ తిరగేసి, ఇంత పుస్తకంలో ఒక్క బొమికైనా లేదేమిటి బావా అని గొణిగాడు. ఆ ముళ్ళ మొక్క నయం, కొరికితే పంటికైనా తగులుతుందన్నాడు. కూతురు నవ్వింది. ఆమె నవ్విందని ఖీమా బాబాయి కూడా నవ్వాడు.

టాకోలు వచ్చాయి. అరచేతంత మొక్కజొన్న రొట్టెలు, వాటి మడతలో ఎర్రగా వేగిన పోగులు, పైన ఉల్లిముక్కలు. ఖీమా బాబాయి ఒకటి కొరికాడు. దవడ ఆగింది.

అంచు కరకర, లోపల మెత్తన. పోగు పోగుగా విడిపోతోంది. సన్నసెగ మీద ఉడికించి, చీల్చి, మళ్ళీ పెనం మీద వేయించిన భుజం మాంసం. సందేహం లేదు.

కూతురి వైపు చూశాడు. ఆవురావురుమని తింటోంది, పెదాలకి నూనె అంటుకుని మెరుస్తోంది. తిండి దగ్గర మూడేళ్ళుగా చూడని ఆ ముఖం చూస్తే అతని కడుపు నిండిపోయింది. నువ్వు పెట్టలేదు, నువ్వు దాచలేదు, ఎవడో పెడుతున్నాడు, అది తింటోంది, నోరు మూసుకో అనుకున్నాడు. చెబితే, ఎగతాళి చెయ్యడానికే వచ్చాడనుకుంటుంది. ఆమె మొదటిది ముగించి రెండోది అందుకుంది.

"బాగుంది కదా నాన్నా? నిజం చెప్పు."

అతను చెయ్యి చాచి ఆమె పళ్ళెం మీద అడ్డంగా పెట్టాడు.

"తినకు తల్లీ. ఇది మాంసం."

పక్క బల్లవాళ్ళు తలలు తిప్పారు. అక్క మనిద్దర్నీ ఇంట్లోకి రానివ్వదు బావా అన్నాడు బావమరిది మెల్లగా. కూతురి ముఖం మాడిపోయింది.

"ఇందుకా వచ్చావు?"

"భుజం ముక్క. నాకు తెలీదా? వీళ్ళు నిన్ను మోసం చేస్తున్నారమ్మా."

వడ్డించే అతను లోపలికి పరుగెత్తాడు. వంటావిడ పళ్ళెం పట్టుకుని వచ్చింది. అందులో బొటనవేలంత లావున తెల్లటి పుట్టగొడుగు కాడలు, పక్కనే ఫోర్కుతో చీల్చిన పోగులు. ఖీమా బాబాయి ఒక కాడ వాసన చూశాడు, చీల్చాడు, తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. తన వంటని ఇంతకంటే ఎవరూ మెచ్చుకోలేదని వంటావిడ అంటుంటే, బావమరిదికి నవ్వుతో పొలమారింది.

"ముప్పై ఏళ్ళు కత్తి పట్టి, చివరికి పుట్టగొడుక్కి భుజం మొలిపించావు బావా."

కూతురు నవ్వలేదు.

"నిజంగా మాంసమే అనుకున్నావా?"

"ఒట్టు."

"ఎప్పుడు తెలిసింది?"

ఇప్పుడే అంటే సరిపోయేది. కాదని చెప్పేవాళ్ళు కూడా లేరు.

"మొదటి ముద్దకే. నువ్వొకటి తినేదాకా చూస్తూ కూర్చున్నా."

ఆమె పెదాలకంటిన నూనె తుడుచుకుంది.

"మరి ఎందుకు చెప్పావు?"

"నువ్వు అడిగావుగా."

చెయ్యి తియ్యి నాన్నా, చల్లారిపోతోంది అంది. అప్పటిగ్గానీ తన చెయ్యి ఇంకా ఆమె పళ్ళెం మీదే ఉందని అతను చూసుకోలేదు.

బయటికొచ్చాక, ఆదివారం భోజనానికి వస్తానని అమ్మకి చెప్పమంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, తన వంట తనే చేసుకుంటానని, గిన్నెలు కూడా తనే తెచ్చుకుంటానని చెప్పింది.

ఖీమా బాబాయి సరేనన్నాడు.