రైలు కూతకు మళ్ళిన ఊరేగింపు

తుర్కీ దేశంలోని ఎస్కిషెహిర్ రైల్వే స్టేషను ముందు గుర్రబ్బండి తోలుకొని జీవించిన కుర్త్వెలీని "నీది ఏ దేశమయ్యా?" అని అడిగినన్ని పర్యాయములు ఆ పట్టణంలో మరెవరినీ అడిగి ఉండరు. అతని తండ్రి క్రిమియా నుండి ఓడలో వలస వచ్చిన తాతారు జాతివాడు. అందుచేత కుర్త్వెలీకి ఎత్తైన చెక్కిళ్ళు, సన్నని కళ్ళు, ఎంత పెంచినా గుప్పెటకు చిక్కని గడ్డము సంక్రమించినవి. రైలు దిగినవారు "చైనా వాడివా?" అంటే, "అవునండీ, టీ అమ్ముకుందామని వచ్చా, గుర్రం తగులుకుంది" అనేవాడు. "జపానా?" అంటే, "అది మా పిన్ని వైపు" అనేవాడు.

మహాయుద్ధంలో అతడు తుర్కు సైన్యం తరఫున పోరాడి పాలస్తీనాలో బందీగా చిక్కినప్పుడు, తుర్కులందరూ ఒక వైపు నిలబడవలెనని ఇంగ్లీషు సార్జెంటు ఆజ్ఞాపించాడు. ఆ సార్జెంటు మనసులోని తుర్కుకు కొక్కెపు ముక్కు, కోరమీసము, నల్లని కోపపు చూపు ఉండవలెను. కాబట్టి కుర్త్వెలీని వరుసలోంచి నెట్టివేశాడు. పక్కనున్న నీలికళ్ళ బోస్నియా వాణ్ణి సైతం నెట్టివేశాడు. "ఆ పూట తుర్కు సైన్యంలో తుర్కన్నవాడే లేకుండా పోయాడు" అని కుర్త్వెలీ చెప్పి చెప్పి నవ్వేవాడు.

తరువాత గణతంత్రం వచ్చింది. కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చినవి. తుర్కులు పసుపు జాతివారన్న ఐరోపావారి మాట అబద్ధమనీ, వారు మధ్య ఆసియా నుండి తరలివచ్చిన తెల్లని జాతి అనీ వాటిలో ముద్రించారు. ఆ సంవత్సరమే గణతంత్ర దినోత్సవపు ఊరేగింపునకు బడివారు ఒక ఘట్టం నిర్ణయించారు: మధ్య ఆసియా నుండి జాతిని నడిపించుకొని వచ్చిన తల్లి, తెల్ల గుర్రం మీద.

పట్టణంలో ఊరేగింపునకు తగిన తెల్ల గుర్రం కుర్త్వెలీ గుర్రం ఒక్కటే. దాని పేరు గెలిన్, అనగా కొత్త కోడలు. అతని కూతురు సబ్రియే నడక నేర్చిన నాటి నుండి దాని వీపు మీదనే పెరిగింది. ఆ వేషం తనదేనని తలచి, జీను తోలుకు నూనె రాస్తూ కూర్చుంది.

ప్రధానోపాధ్యాయుడు నిజామెత్తిన్ స్వయంగా ఇంటికి వచ్చి కాఫీ స్వీకరించాడు.

"గుర్రం కావాలి, కుర్త్వెలీ."

"గుర్రమేం మాస్టారూ, ఎక్కేదాన్ని కూడా పట్టుకెళ్ళండి. జీను తుడిచి తుడిచి అరగ్గొట్టేస్తోంది."

మాస్టారు కప్పులోకి చూశాడు. "పిల్ల మంచిదే. కానీ పుస్తకంలో బొమ్మ తెల్లగా, బంగారు జుట్టుతో ఉంది. రొట్టెల బట్టీ వాళ్ళ లెమాన్‌ని ఎక్కిద్దామని..."

"ఆ తల్లి ఎక్కణ్ణించి వచ్చిందన్నారు?"

"మధ్య ఆసియా నుంచి."

"మరి మా మొహాలు ఎక్కణ్ణించి వచ్చాయంటారు? రొట్టెల బట్టీలోంచా?"

"నాతో వాదించకయ్యా. ఆ బొమ్మ నేను గీసింది కాదు."

తన కాఫీ తాగిన అతిథికి గుర్రం లేదనడం కుర్త్వెలీ వంశంలో లేదు. అయినను ఒక హెచ్చరిక చేశాడు. "రైలు కూత వింటే గెలిన్ ఎవరి మాటా వినదు మాస్టారూ. సబ్రియే అయితేనే ఆపగలదు."

"గణతంత్ర దినాన గుర్రాలకీ క్రమశిక్షణ ఉంటుందిలే" అని మాస్టారు సెలవు తీసుకున్నాడు.

తెర వెనుక నుండి సబ్రియే వచ్చింది. "నువ్వూ ఇచ్చేశావా నాన్నా?" అని మాత్రం అడిగి, నూనె గుడ్డను మేకుకు తగిలించింది. ఏ ప్రశ్నకైనా పరిహాసం సిద్ధంగా ఉంచుకొనే ఆ తండ్రి ఆ గుడ్డ అందుకొని, మిగిలిన జీనుకు తానే నూనె రాశాడు.

దినోత్సవం నాడు లెమాన్ విల్లు ధరించి, బంగారు జడలతో గుర్రమెక్కింది. సబ్రియే తన తరగతితో కలిసి వెనుక నడిచింది. అందరూ గుర్రం వెనుకనే నడవవలెనన్నది మాస్టారు ఉత్తర్వు. గవర్నరు గారి వేదిక దగ్గర పడుతుండగా అంకారా రైలు కూత పెట్టింది.

గెలిన్ చెవులు నిక్కించింది. వేదికకు వీపు తిప్పి, స్టేషను వైపు దౌడు తీసింది. ఉత్తర్వు ప్రకారం బ్యాండు మళ్ళింది, జెండాలు మళ్ళినవి, బడి అంతా మళ్ళింది. గవర్నరు గారు ఖాళీ వీధికి వందనం చేస్తూ నిలబడ్డారు.

గెలిన్ స్టేషను ముందు బండ్ల వరుసలో తన స్థానంలో నిలిచి, బేరానికై వేచి చూసింది. ఒక ప్రయాణికుడు పెట్టె దించి, "బజారుకెంతమ్మా?" అని జాతిమాతను అడిగాడు.

లెమాన్ భోరుమంది. "సబ్రియే, రావే! వీధిలో అందరూ నన్ను పరంగి పిల్ల, తెల్లదొరల పిల్ల అంటారు. ఇప్పుడిదీ నా మాట వినట్లేదు!"

సబ్రియే ఒక్క గెంతున ఆమె ముందు కూర్చొని కళ్ళెం అందుకుంది. అప్పటికి మాస్టారు రొప్పుతూ చేరుకున్నాడు.

బండ్ల వరుసలో, గుర్రం లేని తన బండి పక్కన నిలబడి ఉన్న కుర్త్వెలీ వినయంగా అడిగాడు. "దింపెయ్యమంటారా మాస్టారూ? బొమ్మలో లేని మొహం కదా."

"నీకు దణ్ణం పెడతా, మొహం సంగతి తర్వాత! తోలమ్మా, తోలు!"

సబ్రియే మడమ తాకించింది. లెమాన్ ఆమె నడుము పట్టుకుంది. బ్యాండు మరల మోగింది. ఊరేగింపు సమస్తం ఆ సన్నకళ్ళ పిల్ల వెనుక వేదిక వైపు సాగిపోయింది.

పెట్టె పట్టుకొని మిగిలిపోయిన ప్రయాణికుడు కుర్త్వెలీని ఎగాదిగా చూశాడు. "నువ్వు చైనా వాడివా?"

కుర్త్వెలీ టీ కథ ఎత్తుకోలేదు.

"కళ్ళెం పట్టుకుందే, ఆ పిల్ల తండ్రినండీ" అన్నాడు.